పునాది వేరు, బేస్‌మెంట్ వేరు: ఇల్లు కట్టే ముందు తెలియాల్సిన మాటలు



పోయిన బుధవారం రైతు వేదికలో ఇందిరమ్మ ఇల్లు కొత్తగా మంజూరైన వాళ్లతో మాట్లాడాను. మైకు సరిగ్గా పలకలేదు. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకు సగం వినపడింది, సగం గాలికి పోయింది. ఆ రోజు చెప్పింది రాసి ఫోన్‌లో పంపమని కొందరు అక్కలు అడిగారు. అందుకే ఈ పీడీఎఫ్. చదవడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి. మేస్త్రీ పక్కన కూర్చున్నప్పుడు చదివితే ఇంకా మంచిది.

ముందే ఒక మాట. నేను ఇంజినీరును కాను. జర్నలిజం చదివి సమాచార శాఖలోకి వచ్చాను. ఇక్కడ రాసిన కొలతలు మన హౌసింగ్ ఏఈ గారిని కూర్చోబెట్టి సరిచూసుకున్నవే. మీ ఇంటికి ప్రత్యేకంగా ఏం కావాలో ఆయనే చెప్పాలి. నేను చెప్పేది మాటల సంగతి. మాటలతో ఇల్లు లేస్తుందా అంటారేమో. లేవదు. కానీ ఒక మాట తప్పుగా అర్థమైతే ఇల్లు ఆగిపోతుంది. అది నా వల్లే జరిగింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను రాసిన ఒక తప్పు మాట

ఈ పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత స్థలం ఉండి ఇల్లు లేనివాళ్లకు 5 లక్షల రూపాయలు, నాలుగు విడతలుగా, ఇంటి ఆడమనిషి పేరు మీద. ఇది మీ అందరికీ తెలుసు. మొదటి విడత 1 లక్ష ఎప్పుడు వస్తుందో చెప్తూ నేను ఒక ప్రకటన రాశాను. అందులో "పునాది పూర్తయిన వెంటనే లక్ష రూపాయలు" అని రాశాను. అచ్చ తెలుగులో రాద్దామన్న ఉబలాటం నాది. బేస్‌మెంట్ అనే ఇంగ్లీషు మాట ఎందుకు, పునాది అని చక్కటి మాట ఉంది కదా అనుకున్నాను. పేపర్లలో వచ్చింది, గ్రూపుల్లో తిరిగింది.

ఇరవై రోజులకు ఒక అక్క ఎంపీడీవో ఆఫీసు మెట్ల మీద నన్ను పట్టుకున్నది. కుట్టు మిషన్ మీద బతికే మనిషి. నూటికి మూడు రూపాయల మిత్తికి 60 వేలు తెచ్చి గుంతలు తీయించింది, జాలీలు వేయించింది, పిల్లర్లు భూమట్టం దాకా తెచ్చి మట్టి కప్పించింది. పునాది అయిపోయింది. ఫొటో తీయమని పంచాయతీ కార్యదర్శిని అడిగితే, "ఇది బేస్‌మెంట్ కాదమ్మా, ఇంకా పైకి రావాలె" అన్నాడు. ఆమె ఫోన్ తీసి నా ప్రకటన చూపించింది. "మేడం, మీరే రాసిన్రు గదా, పునాది అయితే పైసలు వస్తయని." నా దగ్గర జవాబు లేదు. ఆమె తప్పు లేదు, కార్యదర్శి తప్పు లేదు. పునాది అంటే ఆమె ఏం అర్థం చేసుకున్నదో ఊరంతా అదే అర్థం చేసుకుంటుంది. తప్పు నేను రాసిన మాటది.

ఆమె మళ్లీ 25 వేలు తెచ్చి బేస్‌మెంట్ లేపింది. ఐదు వారాలు పట్టింది. 60 వేలకు నెలకు 1,800 మిత్తి, ఆ పైన కొత్త అప్పుకు 750. తర్వాత లక్ష పడింది, ఇప్పుడు గోడలు లేచాయి. నేను సవరణ ప్రకటన మర్నాడే పంపాను. సవరణ ఎవరు చదువుతారు?

కాబట్టి మొదటి సంగతి. భూమి లోపల ఉండేది పునాది. భూమి పైకి కనపడేది, మీరు రేపు కాలు పెట్టి నిలబడే నేల మట్టం దాకా వచ్చేది బేస్‌మెంట్. మన మేస్త్రీలు బేస్‌మట్టం అని కూడా అంటారు. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులో బేస్‌మెంట్ అంటే నేల కింద ఉండే గది, సెల్లారు లాంటిది. మన దగ్గరికి వచ్చేసరికి అది నేల పైకి ఎక్కింది. ఇంజినీర్లు దీన్నే ప్లింత్ అంటారు. ఎవరు ఏ మాట వాడినా మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: గుంతలు పూడ్చగానే బిల్లు రాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇళ్ల లెక్కల్లో ఈ దశను బీబీఎల్ అని రాసేవారు, అంటే బేస్‌మెంట్ కంటే కింద. అప్పుడు ఇల్లు కట్టుకున్న పెద్దవాళ్లకు ఆ మాట గుర్తుండొచ్చు. ఇప్పటి పథకంలో ఆ దశకు విడత లేదు. ఆ ఖర్చు ముందు మీరే పెట్టుకోవాలి. అప్పు తెచ్చేవాళ్లు అక్కడి దాకా కాదు, బేస్‌మెంట్ దాకా లెక్క వేసుకుని తెచ్చుకోండి.

అక్కడి దాకా వచ్చే దారిలో వినపడే మాటలు ఇవి. గుంత అడుగున పలచగా పోసే కాంక్రీట్ బెడ్. దాని మీద కడ్డీలు అడ్డంగా నిలువుగా కట్టి పెట్టేది జాలీ. జాలీ మీద పోసే కాంక్రీట్ దిమ్మ ఫుటింగ్. దాని నుంచి లేచేది పిల్లర్. పిల్లర్లన్నిటినీ నేల మట్టం దగ్గర చుట్టూ కలిపి కట్టేది ప్లింత్ బీమ్. బీమ్ లోపలి ఖాళీలో మొరం నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి మొత్తం నింపి పైపైన కొడితే ఏడాదికి బండలు కుంగుతాయి. అరడుగు పోసి కొట్టాలి, మళ్లీ అరడుగు పోసి కొట్టాలి. ఇంత పని చేయడం ఏ కూలికైనా విసుగే. మీరు అక్కడ నిలబడితే చేస్తారు.

పిల్లర్లు లేకుండా రాతి పునాది మీద గోడలే బరువు మోసేలా కట్టే ఇల్లు కూడా ఉంది. దాన్ని లోడ్ బేరింగ్ అంటారు. ఒక్క అంతస్తు చాలనుకుంటే, మీ నేల గట్టిదైతే, అది సరిపోతుందేమో ఏఈ గారిని అడగండి. కడ్డీల ఖర్చు బాగా తగ్గుతుంది. పక్కింటోళ్లు పిల్లర్లు వేశారని మనమూ వేయడం, రేపు పైన ఇంకో అంతస్తు వేస్తామని ఈ రోజే అప్పు పెంచుకోవడం నేను చాలా చోట్ల చూశాను.

టేపు ఎక్కడ పెట్టి కొలుస్తారు?

ముగ్గు పోసే రోజు చాలామంది కొబ్బరికాయ మీద పెట్టిన దృష్టి కొలత మీద పెట్టరు. మన పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. సరే. కానీ ఏ 400? ఏ 600?

గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే వచ్చేది ప్లింత్ ఏరియా. గది లోపల గోడ నుంచి గోడకు కొలిస్తే వచ్చేది కార్పెట్ ఏరియా, అంటే చాప పరిచే చోటు. తొమ్మిది అంగుళాల గోడ అయితే రెండు వైపులా కలిపి అడుగున్నర తేడా వస్తుంది. బయటి నుంచి 20 అడుగులు, 20 అడుగులు కొలిస్తే 400. అదే ఇల్లు లోపల కొలిస్తే పద్దెనిమిదిన్నర, పద్దెనిమిదిన్నర. గుణిస్తే 342 మాత్రమే. ఇక పెద్ద ఇంటి సంగతి చూడండి. లోపల 24, 24 పెట్టుకుని 576 వచ్చింది, 600 లోపే ఉన్నాం అనుకుంటారు. బయట నుంచి కొలిస్తే ఇరవై ఐదున్నర, ఇరవై ఐదున్నర. 650 దాటింది. గోడ కట్టాక ఈ మాట తెలిస్తే గోడ ఎవరు జరుపుతారు?

దీనికి ఏఈ గారు చెప్పిన ఉపాయం చాలా సులువు. లోపలి కొలత 400కు తగ్గకుండా, బయటి కొలత 600 దాటకుండా ముగ్గు పోయించుకోండి. అప్పుడు ఎవరు టేపు ఎటు పెట్టినా మీకు తంటా లేదు. బయట 20, 24 పెట్టుకున్నారనుకోండి. బయటి లెక్క 480, లోపలి లెక్క 416. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. మధ్య గోడలు కూడా కొంత చోటు తింటాయి కాబట్టి కొంచెం ఎక్కువే పెట్టుకుంటే మేలు. గజాల్లో చెప్పేవాళ్లకు: ఒక చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. 60 గజాల జాగా అంటే 540 చదరపు అడుగులు. అంత జాగాలో 600 అడుగుల ఇల్లు ఒకే అంతస్తులో పట్టదు, మెట్లకూ సందుకూ చోటు వదలాలి.

మేస్త్రీతో ఒప్పందం: అన్నిటికంటే ఎక్కువ గొడవ ఇక్కడే

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో బిల్లు రాలేదన్నవి కొన్ని. మేస్త్రీ మధ్యలో వదిలేసి పోయాడన్నవి అంతకంటే ఎక్కువ. రెండు వైపులా విన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, చాలాసార్లు మోసం చేసింది మేస్త్రీ కాదు, ఇంటి యజమానీ కాదు. ఇద్దరూ ఒకే మాటకు రెండు అర్థాలు పెట్టుకుని చేతులు కలిపారు.

"అడుగుకు ఇంత" అని మాట్లాడుకుంటారు. ఏ అడుగు? మేస్త్రీల లెక్కలో చాలాచోట్ల అది స్లాబ్ కొలత. స్లాబ్ గోడల మీద ఆగదు, వాన జల్లు పడకుండా బయటికి వస్తుంది. ఇందాకటి 20, 24 ఇంటికి నాలుగు వైపులా అడుగున్నర చొప్పున స్లాబ్ బయటికి తీస్తే 23, 27 అవుతుంది. అంటే 621. మీరు 480 అనుకున్నారు, ఆయన 621 అనుకున్నాడు. తేడా 141 అడుగులు. లెక్క కోసం అడుగుకు 300 అనుకుంటే తేడా 42,300 రూపాయలు. స్లాబ్ పోసిన మర్నాడు ఈ తేడా బయటపడితే పని ఆగక ఏం చేస్తుంది?

అందుకని చేయి కలిపే ముందు అడగండి. అడుగు అంటే గోడ బయటి కొలతా, స్లాబ్ కొలతా? సెంట్రింగ్ అందులోనేనా, దానికి వేరే మనిషి వేరే రేటా? మిల్లరు కిరాయి ఎవరిది? గిలాబు లోపలికేనా, బయటికి కూడానా? మెట్లు, పిట్టగోడ, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల తొట్టి, సజ్జలు, వంటగట్టు ఆ రేటులో వస్తాయా, విడిగా లెక్కిస్తారా? గుత్తకు ఇస్తున్నారా, కూలికి ఇస్తున్నారా? గుత్త అంటే సామాను కూడా ఆయనదా, చేతి పని మాత్రమేనా? కొందరు లేబర్ గుత్త అంటారు, కొందరు ఫుల్ గుత్త అంటారు, కొందరు ఉట్టిగా గుత్త అంటారు. ఉట్టిగా అన్నప్పుడే ప్రమాదం.

ఒక తెల్లకాగితం మీద ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. "మీద నమ్మకం లేదా" అని మేస్త్రీ అంటే, "నమ్మకం ఉంది కాబట్టే ఇస్తున్నం అన్నా, యాదికుండాలె గదా" అనండి. మంచి మేస్త్రీలు కాగితానికి వెనకాడరు. వాళ్లకూ పైసలు ఆగిపోయిన అనుభవాలు ఉంటాయి. డబ్బు కూడా పని దశకు తగ్గట్టే ఇవ్వండి. మీకు విడత పడటానికి ఫొటోకు ముందు ఏం పని పూర్తి కావాలో, మేస్త్రీకి ఇచ్చే విడత కూడా దానికే కట్టండి.

ఒక ముచ్చట. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు వాళ్లు తెచ్చింది, వాళ్ల భాషలో మెస్త్రె అంటే గురువు. దర్వాజ ఉర్దూలోంచి వచ్చింది. సెంట్రింగ్ ఇంగ్లీషు. సుతారి, రసమట్టం మనవి. ఇల్లు కట్టే చోట నాలుగు భాషలు కలిసి పనిచేస్తున్నాయి, మనం ఒక్క మాట అడగడానికి మొహమాటపడటం ఎందుకు?

సామాను మాటలు

ట్రిప్పు అనేది కొలత కాదు. ట్రాలీలు రకరకాలు. ట్రాలీ లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఎంత ఎత్తు ఉందో అడుగుల్లో కొలిచి మూడూ గుణించండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 90 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులను యూనిట్ అంటారు. ఇంకో సంగతి, కాస్త తడిసిన ఇసుక ఉబ్బుతుంది. పావు వంతు దాకా ఎక్కువ కనపడుతుంది. పొద్దున్నే తడి ఇసుక నిండుగా కనపడితే సంబరపడొద్దు. మన్ను ఎంత ఉందో చూడాలంటే గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి బాగా ఊపి ఒక గంట వదిలేయండి. ఇసుక మీద బురద పొర తేలుతుంది. అది మందంగా ఉంటే ఆ ఇసుక స్లాబ్‌కు వద్దు.

కడ్డీ, సలాక, రాడ్డు మూడూ ఒకటే. 8 ఎంఎం, 10 ఎంఎం, 12 ఎంఎం అంటే దాని మందం. షాపులో కిలోల్లో అమ్ముతారు, మేస్త్రీ కడ్డీల లెక్కలో అడుగుతాడు. ఈ రెంటి మధ్య మీరు నలిగిపోకుండా ఒక చిన్న లెక్క ఉంది. మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే ఒక మీటరు బరువు కిలోల్లో వస్తుంది. మామూలుగా కడ్డీ పొడవు 12 మీటర్లు. అంటే 8 ఎంఎం కడ్డీ ఒకటి సుమారు 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4 కిలోలు, 12 ఎంఎం 10.67 కిలోలు. కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. ఒక కట్ట తూకం వేయించి కడ్డీలు లెక్కపెట్టండి. బరువు బాగా తక్కువ వస్తే ఆ కడ్డీ మందం తక్కువది. మీ ఇంటిని మోసేది అదే మరి.

సిమెంట్ బస్తా 50 కిలోలు. బస్తా మీద తయారైన వారం, నెల ఉంటాయి. మూడు నెలలు దాటిన బస్తా తీసుకోవద్దు, గడ్డలు కట్టిన బస్తా అసలే వద్దు. బస్తాలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. చెక్కల మీద పేర్చండి.

గోడలు, లింటెల్

రెండో విడత దగ్గర మళ్లీ ఒక మాట తిరకాసు పెడుతుంది. కిటికీలు, దర్వాజల పైన అడ్డంగా పోసే కాంక్రీట్ దూలం లింటెల్. అది నేల నుంచి సుమారు ఏడు అడుగుల ఎత్తులో వస్తుంది. లింటెల్ పోయగానే "గోడలు అయిపోయినయ్" అని కార్యదర్శికి ఫోన్ చేస్తారు. రూఫ్ లెవెల్ అంటే లింటెల్ కాదు. దాని పైన ఇంకో మూడు అడుగుల గోడ కట్టి స్లాబ్ కూర్చునే మట్టం దాకా వస్తే రూఫ్ లెవెల్. ఫొటో తీసేటప్పుడు ఇంటి స్థలం ఎక్కడుందో కూడా యాప్‌లో నమోదవుతుంది. పక్కింటి గోడ చూపించి బిల్లు తెచ్చుకుందామన్న ఆలోచన పనికిరాదు. రెండో విడత నుంచి ఎంతెంత అన్నది మీ మంజూరు పత్రంతో సరిచూసుకోండి.

ఇటుకను కట్టే ముందు నీళ్లలో నాననివ్వాలి. పొడి ఇటుక సిమెంట్‌లోని నీళ్లు పీల్చేస్తుంది, అతుకు గట్టిపడదు. గోడ నిటారుగా ఉందా లేదా చూసేది తూకం గుండు. మట్టం చూసేది రసమట్టం. ఈ రెండూ సంచిలో లేని మేస్త్రీని చూస్తే నాకు కొంచెం భయం.

స్లాబ్ రోజు

ఇక్కడ కాసేపు ఆగుతాను. మిగతావి తప్పయితే పైసలు పోతాయి. ఇది తప్పయితే ప్రాణం మీదికి వస్తుంది.

స్లాబ్‌లో కడ్డీ ఎక్కడ ఉందన్నది కడ్డీ ఎంత ఉందన్న దానంత ముఖ్యం. గది మీది స్లాబ్ మధ్యలో కిందికి వంగాలని చూస్తుంది కాబట్టి కడ్డీ కింది వైపు ఉండాలి. సజ్జ సంగతి వేరు. అది ఒక వైపే గోడను పట్టుకుని బయటికి వేలాడుతుంది. అది వంగేటప్పుడు పై వైపు చీలుతుంది. అందుకని సజ్జలో, బయటికి వచ్చిన స్లాబ్ అంచులో ప్రధాన కడ్డీ పై వైపు ఉండాలి. కట్టేటప్పుడు పైనే కడతారు. కాంక్రీట్ పోసేటప్పుడు గమేళాలు మోసేవాళ్లు దాని మీద నడుస్తారు. కడ్డీ కిందికి దిగిపోతుంది. పోసేశాక ఎవరికీ కనపడదు. సెంట్రింగ్ తీసిన రోజు కూడా నిలబడే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు బట్టలు ఆరేయడానికి ఎవరో దాని మీదికి ఎక్కుతారు. తర్వాత జరిగేది నేను రాయను.

దీనికి మందు కుర్చీ. కడ్డీతోనే చిన్న కుర్చీల్లాగా వంచి పై కడ్డీల కింద పెడతారు, మేస్త్రీలు వాటిని కుర్చీలు అనే అంటారు. "సజ్జ మీద కుర్చీలు పెట్టిన్రా?" ఈ ఒక్క ప్రశ్న స్లాబ్ రోజు పొద్దున మీరు అడగాలి. నడవడానికి పలకలు వేయమనండి.

రెండో మాట కవరు. కడ్డీకి కాంక్రీట్ ఎంత మందం కప్పి ఉందో అది కవరు. స్లాబ్‌కు 20 ఎంఎం, బీమ్‌కు 25, పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు 50 ఎంఎం ఉండాలని ప్రమాణం. కవరు లేని కడ్డీకి తేమ తగులుతుంది, తుప్పు పడుతుంది, ఉబ్బి కాంక్రీట్‌ను పెచ్చులుగా ఊడదీస్తుంది. పాత ఇళ్లలో స్లాబ్ కింద ఎర్రగా కడ్డీ కనపడటం చూసే ఉంటారు. కడ్డీల కింద కంకర ముక్కలు పెట్టి సరిపెట్టొద్దు, అవి జారిపోతాయి. కవర్ బ్లాకులు తక్కువ ధరకే దొరుకుతాయి. సిమెంట్, ఇసుకతో ముందు రోజు ఇంట్లోనే పోసుకోవచ్చు.

మూడో మాట ఎం 20. కాంక్రీట్ బలానికి అది పేరు. 28 రోజుల తర్వాత ఒక చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి. కడ్డీలు వేసి పోసే కాంక్రీట్‌కు అంతకంటే తక్కువ పనికిరాదని ప్రమాణం. చేతి లెక్కలో ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్లు కంకర. అన్నిటికంటే దీన్ని పాడుచేసేది నీళ్లు. ఒక బస్తా సిమెంట్‌కు 30 లీటర్లు మించకూడదు, అంటే 15 లీటర్ల బకెట్‌తో రెండు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. నీళ్లు ఎక్కువైతే మాలు జారుడుగా పోతుంది, పోసేవాళ్లకు సుఖం. మీకు దుఃఖం. స్లాబ్ పనిలో చేతులు నొప్పిపుట్టేది నిజమే, ఎండలో వాళ్ల కష్టం చూసి మనసు కరుగుతుంది. వాళ్లకు మజ్జిగ పోయండి. మిల్లరులో మాత్రం నీళ్లు పోయనివ్వకండి.

ఆ తర్వాత క్యూరింగ్, మన మాటలో నీళ్లు కట్టుడు. స్లాబ్ మీద మట్టితో మడులు కట్టి నీళ్లు నిలపాలి. కాంక్రీట్ ఎండిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది ఎండి గట్టిపడదు, తడిగా ఉండి గట్టిపడుతుంది. మామూలు సిమెంట్‌కు కనీసం 7 రోజులు, ఇప్పుడు మనం ఎక్కువగా వాడే పీపీసీ సిమెంట్‌కు కనీసం 10 రోజులు. ఎండాకాలంలో పద్నాలుగు రోజులు కడితే ఏఈ గారికి సంతోషం. పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడపాలి. పిల్లర్లకు నీళ్లు పోసేవాళ్లే కనపడరు, అందరి కళ్లూ స్లాబ్ మీదే.

సెంట్రింగ్ విప్పే రోజు మళ్లీ ఒత్తిడి వస్తుంది. సెంట్రింగ్ మనిషికి ఆ పలకలు వేరే ఇంటికి కావాలి, రోజు కిరాయి పోతుందంటాడు. గదుల వెడల్పు, బీములు, సిమెంట్ రకం బట్టి రోజులు మారతాయి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కు పోట్లు కనీసం 7 రోజులు, అంతకంటే పెద్దదానికి, బీములకు 14 రోజులు ఉండాలి. పీపీసీకి ఇంకా ఆగడం మంచిది. ఎన్ని రోజులకు విప్పాలో ముందే ఏఈ గారిని అడిగి ఆ తేదీని గోడ మీద బొగ్గుతో రాయండి. గోడ మీది తేదీతో వాదన పెట్టుకోవడం కష్టం.

మిగిలినవి

ఫినిషింగ్ గురించి తక్కువ చెప్తాను, అక్కడ మీ కళ్లే సరిపోతాయి. ఇల్లు పూర్తి అంటే గిలాబు, తలుపులు, కిటికీలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ ఉండాలి. మరుగుదొడ్డి తర్వాత చూద్దాం అనుకున్నవాళ్ల ఆఖరి విడత కూడా తర్వాతే అవుతుంది. గిలాబుకు కూడా నీళ్లు కట్టాలి, అది మరిచిపోతారు.

అర్థం కాని మాట ఏదైనా ఎదురైతే ఆ మాటను అలాగే పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పండి. "ఏదో అన్నడు సార్" అని కాకుండా మేస్త్రీ ఏ మాట అన్నాడో అదే చెప్పండి. ఈ పీడీఎఫ్‌లో నేను మళ్లీ ఎక్కడైనా తప్పు మాట రాసి ఉంటే, ఆ కుట్టు మిషన్ అక్క లాగానే నన్ను మెట్ల మీద పట్టుకుని అడగండి.

ముగ్గు పోసే రోజు టేపు మీరే తెచ్చుకోండి. తెచ్చాక దాని మొదటి అంగుళం చూడండి. వాడి వాడి కొక్కెం ఊడి, మొదటి అంగుళం విరిగిపోయిన టేపులు మన ఊళ్లలో చాలా తిరుగుతున్నాయి.